బాల్కనీ కొన్న దొంగ

శనివారం పొద్దున్న ఏడుంపావుకి లిఫ్టు ఇన్‌స్పెక్టర్ వేసిన కేకకి ఆయన భార్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఫోన్‌లోకి తొంగి చూస్తే, మూడు వారాలు ఆలోచించి బుక్ చేసిన ఓడ గది అందులో లేదు. దాని స్థానంలో ఒకటిన్నర రెట్లు ఖరీదు చేసే బాల్కనీ గది ఒకటి తాపీగా కూర్చుని ఉంది.

డబ్బు కూడా కట్టేసి ఉంది. ఆయన కార్డు మీదే!

కంగారు పడకండి. దొంగ అనేవాడు ఉన్న బాల్కనీని ఊడబెరుక్కుపోతాడు గానీ, లేని బాల్కనీని తగిలించి పోతాడా? ఇది దొంగతనం కాదు, వరం. ఎక్కువ ధర టిక్కెట్టు ఈ కాలపు మనిషికి దొరికిన మహావరమని నిరూపించడానికే ఈ కేసు మీ ముందుకొస్తోంది. నవ్వకుండా వినండి.

ముందు ఆ ఇల్లాలి సంగతి. పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. రోజంతా "ఊపిరి పీల్చండి... ఆపండి... వదలండి" అనడమే పని కాబట్టి అక్కడ అందరికీ ఆవిడ ఊపిరి మేడమ్. ఆవిడ ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్న గదికి కిటికీ లేదు. ఉండకూడదు కూడా. గోడల్లో సీసం, తలుపు మీద ఎర్ర బల్బు. బయట వాన పడుతోందో లేదో ఆవిడకి చెప్పేవి రోగుల చెప్పులే. తడిగా ఉంటే వాన, దుమ్ముగా ఉంటే ఎండ.

అలాంటావిడకి ఇన్నేళ్ళకి సెలవు దొరికింది. ఏడు రోజుల ఓడ ప్రయాణం. భర్త ఏరికోరి ఎంచిన గది ఎలాంటిది? ఓడ పొట్టలో, నాలుగంతస్తుల కింద, నడవా చివర, కిటికీ లేని గది!

"కిటికీ లేదంటావేంటి? టీవీ ఉందిగా. ఒకటో చానెల్లో ఇరవై నాలుగ్గంటలూ సముద్రమే. ఓడ ముక్కుకి కెమెరా కట్టారు. కిటికీలోంచి అయితే ఒక పక్కే కనిపిస్తుంది" అని వివరించాడు. ఆఫీసులో ఎవరి పిన్నికూతురో ఆ ఓడెక్కిందని తెలిస్తే, ఆమెకి ఫోన్ చేసి మరీ ఇంకో సంగతి రాబట్టాడు. ఆ గదుల్లో గోడకి కర్టెన్ ఉంటుందట. తీస్తే గోడే.

"తీయకు మరి. తీయనంతసేపూ వెనక కిటికీ ఉన్నట్టే."

"మీ ఇష్టం" అందావిడ.

సంసారం చేసినవాళ్ళకి ఆ రెండు మాటల బరువు తెలుసు. లిఫ్టులో ఎన్ని కిలోలు పడతాయో చూడగానే చెప్పే ఇన్‌స్పెక్టర్‌కి మాత్రం, మాటలో ఎన్ని ఉన్నాయో తెలీదు.

ఇప్పుడీ బాల్కనీ! చూడగానే ఊపిరి మేడమ్ గుండె ఒక్క గెంతు గెంతింది. భయంతో కాదు. గెంతాక దాన్ని పట్టుకుని కూర్చోబెట్టింది, ఎందుకంటే ఆయన అప్పటికే మెసేజీ చదువుతున్నాడు. "ఇవాళ సాయంత్రం ఆరు లోపు పాత గదికి మారొచ్చట. తేడా వెనక్కొస్తుందట. ఆరు దాటితే ఇంక ఇదే ఖాయం. కానీ ముందు దొంగెవరో తేలాలి!"

మీరే చెప్పండి. పాత గదే ఉండుంటే ఆ శనివారం ఎలా గడిచేది? ఆయన పేపరు చదివేవాడు, ఆవిడ డ్యూటీకి పోయేది, అత్తగారు కునికేది. చవక టిక్కెట్టుతో వచ్చే ఆనందం ఓడెక్కాక మొదలై దిగాక అయిపోతుంది. ఖరీదు టిక్కెట్టు అలా కాదు. నెల ముందే ఇంటిల్లిపాదికీ పని కల్పిస్తుంది. మాట్లాడుకోని మొగుడూపెళ్ళాల చేత మాట్లాడిస్తుంది, మాట్లాడుకునేవాళ్ళ చేత అరిపిస్తుంది. ఏ ఓడ యజమానైనా ఈ సేవకి విడిగా డబ్బు అడిగాడా?

విచారణ భోజనాల బల్ల దగ్గర మొదలైంది. లిఫ్టు ప్రమాదాల మీద రిపోర్టులు రాసే మనిషి కాబట్టి ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. చివరగా బటన్ నొక్కిందెవరు?

మొదటి అనుమానితురాలు కన్నతల్లి.

"నా మీద పడ్డావేంట్రా? నాకు ఫోన్‌లో పచ్చదీ ఎర్రదీ తప్ప తెలీవు. పచ్చది నొక్కితే మీ అక్క, ఎర్రది నొక్కితే ప్రశాంతత."

"నిన్న రాత్రంతా ఫోన్ నీ పక్కనే ఉంది."

"నువ్వు యాభై రెండేళ్ళు నా పక్కనే ఉన్నావు. బాగుపడ్డావా?"

ఊపిరి మేడమ్ నవ్వు కనబడకుండా గ్లాసు అడ్డం పెట్టుకుంది.

"అయినా నడిసముద్రంలో కిటికీ ఏంటే అమ్మాయ్? ఎవరొస్తున్నారని చూడ్డానికి?" అంది అత్తగారు. అంతలోనే పార్టీ మార్చింది. "తడి తువ్వాళ్ళు ఆరేసుకోడానికైతే బాల్కనీ ఉండాలిలే. గదిలో ఆరేస్తే ముక్కిన వాసన. పోనీ వద్దనుకుంటే ఇప్పుడే మార్చెయ్యరాదూ, ఈ గోలెందుకు?"

"విచారణ అవకుండా మారిస్తే సాక్ష్యం చెరిగిపోతుందమ్మా!"

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు ఆయనకంటే పై ఆఫీసరువి కాబోలు" అని అత్తగారు లేచి వెళ్ళిపోయింది.

తొమ్మిదింటికి ఊపిరి మేడమ్ సీసపు ఏప్రాన్ తగిలించుకుంది. ఒక భుజం, రెండు మోకాళ్ళు, మెట్ల మీంచి జారిన మణికట్టు ఒకటి అయ్యాయి. కాస్త సందు దొరకగానే యంత్రం వెనక స్టూలు మీద కూర్చుని ఫోన్ తీసింది.

ఇదీ ఆవిడ రహస్యం. మూడు వారాలుగా ఖాళీ దొరికినప్పుడల్లా ఆవిడ చూస్తున్నది ఆ బాల్కనీ గది బొమ్మనే. రెండు కుర్చీలు, గుండ్రటి చిన్న బల్ల, అద్దాల తలుపు, దాని అవతల అంతూపొంతూ లేని నీలం. ఏ కుర్చీలో ఎవరు కూర్చోవాలో చూసుకుంటుంది. మూసేస్తుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన లెక్క వేస్తాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ తన వేళ్ళు చూసుకుంది. అన్నిసార్లు తెరిచి మూస్తుంటే ఎక్కడో నొక్కలేదు కదా? ఇద్దరి ఫోన్లలోనూ ఒకటే ఖాతా. కార్డు నంబరు అందులోనే ఉంది. నిన్న కూడా చూసింది...

ఆ ధ్యాసలోనే తర్వాతి పేషెంటుని పడుకోబెట్టింది. "ఊపిరి పీల్చండి... ఆపండి..."

కాసేపటికి దబదబమని చప్పుడు. పేషెంటు రెండు చేతులతో బల్లని బాదుతున్నాడు.

"అయ్యో, వదలండి! వదిలెయ్యండి!"

"థాంక్సండీ" అన్నాడాయన రొప్పుతూ. "ఇంకాసేపైతే శాశ్వతంగా వదిలేవాణ్ణి."

శనివారం కాబట్టి మూడింటికే ఇంటికొచ్చేసరికి రెండో అనుమానితుడు హాజరు. ఆవిడ తమ్ముడు. పరుపుల షాపు మేనేజరు. ఎక్కడికెళ్ళినా సోఫాని రెండుసార్లు నొక్కి, పెదవి విరిచి, అప్పుడు కూర్చునే మనిషి.

"ఒట్టు బావా, నేను కాదు. కానీ ఎవడు చేశాడో వాడికి దణ్ణం పెట్టాలి."

"ఎందుకు పెట్టాలి?"

"ఏడు రోజులు. తేడాని ఏడుతో భాగించు. దాన్ని ఇరవై నాలుగుతో. దాన్ని అరవైతో. నిమిషానికెంత పడింది? చిల్లర! అంత చిల్లర రోడ్డు మీద పడుంటే వంగి తీస్తావా?"

"తీస్తాను" అన్నాడు లిఫ్టు ఇన్‌స్పెక్టర్.

తెల్లకాగితం కూడా తీశాడు. "నిద్ర ఎనిమిది గంటలు కొట్టెయ్. కళ్ళు మూసుకున్నాక బయట బాల్కనీ ఉన్నా ఒకటే, బావి ఉన్నా ఒకటే. తిండి నాలుగ్గంటలు. ఓడ దిగి ఊళ్ళు చూసేది ఆరు. చీకటి పడ్డాక సముద్రం నల్లగా ఉంటుంది, నలుపుకి డబ్బెందుకు? ఎంత లాగినా రోజుకి గంట మిగిలింది. అందులో మీ అక్క మాట్లాడుతున్నంతసేపూ నేను సముద్రం వైపు చూడకూడదు. చూస్తే వినట్లేదంటుంది. అంటే నికరంగా ఇరవై నిమిషాలు!"

"రెప్ప వెయ్యకుండా చూడు బావా. గిట్టుబాటవుతుంది."

ఆహా! అసలు వరం ఇదే. చవక గదివాడు పైకెక్కి సముద్రాన్ని ఊరికే చూసిపోతాడు. బాల్కనీవాడు గిట్టుబాటయ్యేలా చూస్తాడు. ఒక్క అలని వృథా పోనివ్వడు. సూర్యుడు రెండు నిమిషాలు లేటుగా లేస్తే రిసెప్షన్‌కి ఫోన్ చేస్తాడు!

పైగా ఈ టిక్కెట్టుతో ఓడ ముందుగా ఎక్కే హక్కు ఇస్తారట. ముందెక్కినవాడి గది ముందు బయల్దేరుతుందా? లేదు. మరెందుకు? పైన నిలబడి, కింద క్యూలో ఉన్నవాళ్ళని చూడ్డానికి. చవక టిక్కెట్టువాడికి కిందికి చూడ్డానికి చేపలు తప్ప ఎవరున్నారు పాపం! స్నానాల గదిలోకి రెండు తెల్ల గౌన్లు కూడా ఇస్తారు. తొడుక్కోవచ్చు, ఇంటికి తెచ్చుకోకూడదు. కూల్ డ్రింకులకీ జ్యూసులకీ పరిమితి లేదు. వాటి ఖరీదు రాబట్టాలంటే మనిషికి రోజుకి పద్నాలుగు గ్లాసులు తాగాలని బావమరిది తేల్చాడు.

"పద్నాలుగు తాగాక బాల్కనీలో కూర్చునేదెప్పుడ్రా? బాత్రూమ్‌లోనే కాపురం!"

"అందుకే బావా, ఆ గదికి బాత్రూమ్ కూడా పెద్దదిచ్చారు. ఏనుగుని కొన్నవాడు అంకుశం దగ్గర వెనకాడకూడదు."

"అంకుశంతో వచ్చినప్పట్నుంచీ నువ్వే పొడుస్తున్నావు. మాట మార్చకు. నువ్వే నొక్కావని ఒప్పుకో, అయిపోతుంది. నేనేం అనను."

"చెయ్యంది ఎలా ఒప్పుకోను? పరుపు తోడు!"

గమనించారా? ఒక బల్ల, మూడు కాగితాలు, ముగ్గురు మేధావులు. సముద్రాన్ని నిమిషాలుగా కోసి, తూచి, పంచి పెట్టేశారు. ఆ బాల్కనీలో కూర్చోవలసిన మనిషిని మాత్రం, "నీకేం కావాలి?" అని ఒక్కరూ అడగలేదు. అడగడం దండగ కదా! "మీ ఇష్టం" అంటుందని అందరికీ తెలిసిందే.

ఆరు కావడానికి పావుగంట ఉందనగా ఇన్‌స్పెక్టర్ తలెత్తాడు.

"ఇంక మిగిలింది నువ్వే."

ఊపిరి మేడమ్ అందరి మొహాలూ చూసింది. కాగితం మీద భర్త కొట్టేసిన గంటలన్నీ చూసింది. ఈ విచారణ ఆరింటితో ఆగదు. ఓడెక్కినా ఆగదు. ఆ రెండు కుర్చీల మధ్య ఈ కాగితం మూడో కుర్చీ వేసుకు కూర్చుంటుంది. ఏడు రోజులూ ఆయన గడియారం చూస్తుంటాడు, ఆవిడ ఆయన్ని చూస్తుంటుంది. అంత ఖరీదైన నీలం ఆవిడ వల్ల కాదు.

"నేనే నొక్కాను" అంది.

తమ్ముడు కూర్చున్న సోఫా కిర్రుమంది. "అక్కా!"

"ఆ గది బొమ్మ రోజూ చూస్తుంటాను. నిన్న డ్యూటీ దిగేముందు కూడా చాలాసేపు చూశాను. ఎక్కడో వేలు తగిలుంటుంది. పాత గదికి మార్చెయ్యండి. టీవీలో వస్తుందన్నారుగా, చాలు."

"డ్యూటీ దిగేముందంటే ఎన్నింటికి?"

"ఆరింటికి. ఏం?"

లిఫ్టు ఇన్‌స్పెక్టర్ బొటనవేలు ఫోన్ మీద గాల్లో ఆగిపోయింది. మొహంలో రంగు పోయింది.

"ఏంట్రా అలా అయిపోయావు? దొంగ దొరికిందిగా, మార్చెయ్" అంది అత్తగారు.

ఆయన మార్చలేదు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. గోడ గడియారంలో ముల్లు పన్నెండు మీదికి పాకి, దాటి, అవతలికి పోయేదాకా అందరూ చూస్తూ కూర్చున్నారు. అప్పుడు ఆయన భార్య వైపు తిరిగాడు.

"నువ్వు కాదే. నేను. నిన్న సాయంత్రం ఆరింటికి ఆఫీసులో కూర్చుని, మన గది భద్రంగా ఉందో లేదోనని తెరిచాను. పక్కన ఈ బాల్కనీ గది. దాని కింద ఎర్ర అక్షరాలు. 'ఇదే ఆఖరి గది. ప్రస్తుతం మరొకరు కూడా దీన్ని చూస్తున్నారు.' మూడు వారాలుగా నాకు అక్కర్లేని గది అది. ఎవడో చూస్తున్నాడనేసరికి నా సొంత గదిని ఎవడో లాక్కుపోతున్నట్టు అనిపించింది. వాడి మొహం కూడా ఊహించుకున్నాను, మీసాలతో సహా. నా బాల్కనీలో కాళ్ళు చాపుకుని జ్యూసు తాగుతున్నాడు. కాసేపు ఆగి చూస్తే, 'ఇంకా చూస్తున్నారు' అని వచ్చింది. అంతే, నొక్కేశాను. వాడి పీడ విరగడైంది. ఎంత హాయిగా ఉందనుకున్నావు! ఇంటికొస్తుంటే దారిలో సిగ్గేసింది. ఇన్నేళ్ళూ మీ అందరికీ పొదుపు పాఠాలు చెప్పినవాణ్ణి, ఒక్క ఎర్ర లైనుకి పడిపోయానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకే పొద్దున్నే దొంగ దొంగ అని నేనే అరిచాను. మీ తమ్ముడి మీదికి తోసేద్దామనుకున్నాను. వాడు వాదిస్తాడు, అమ్మ తిడుతుంది, ఈలోగా ఆరు దాటిపోతుంది. గదీ మిగులుతుంది, పరువూ మిగులుతుంది. ఇప్పుడు నువ్వు ఆరింటికంటున్నావు. ఆ మీసాలవాడెవడో ఇప్పుడు తెలిసింది. నువ్వు నోరు తెరిచి అడిగుంటే, లెక్కవేసి కుదరదనేవాణ్ణి. అడగలేదు కాబట్టి కొన్నాను. నీ కోసమని కాదే. నీకు దక్కకూడదని."