వరండాలో స్టవ్వు

ఆదివారం ఉదయం ఇంట్లో ఎవరూ లేవకముందే ఫైరింజన్ డ్రైవరు వెనక వరండాలో కొత్త కరెంటు స్టవ్వు పెట్టుకున్నాడు. పక్కనే ఒక చిన్న గిన్నె, ఒక పళ్లెం, కూరలు తూచే బుల్లి త్రాసు. వారానికి సరిపడా భోజనాలు ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. పొద్దున ఓట్స్ జావ, మధ్యాహ్నం ఉడికించిన చిక్కుడు గింజలు, రాత్రికి క్యాబేజీ సూపు. మధ్యలో ఆకలేస్తే కీరా ముక్కలు. అప్పటికీ ఆకలేస్తే ఇంకో కీరా.

"మీ గిన్నె వేరు, మీ పొయ్యి వేరు. ఇంట్లోవాళ్లు ప్రేమగా వడ్డించే చోటికి అసలు వెళ్లకండి," అని బరువు తగ్గించే కోర్సులో డైటీషియన్ కచ్చితంగా చెప్పింది. అతనూ అంతే కచ్చితంగా విన్నాడు. వినక చస్తాడా. వచ్చే శనివారం స్టేషన్లో వైద్య పరీక్ష. తొంభై కిలోలు దాటితే స్టీరింగ్ తీసేసి ఫోన్ దగ్గర కూర్చోబెడతానని స్టేషన్ ఆఫీసరు ముఖం మీదే చెప్పాడు. ఏళ్ల తరబడి గంట మోగించుకుంటూ వీధుల్లో దూసుకుపోయినవాడు ఇక కుర్చీలో కూర్చుని "మంటలు ఎక్కడండీ?" అని అడగాలి. తలుచుకుంటేనే అతనికి గుండె బరువెక్కేది. కొడుకు ఫైరింజన్ నడుపుతాడని వీధంతా చెప్పుకుని మురిసిపోయే తల్లికి ఈ సంగతి ఏ నోటితో చెబుతాడు? భార్యకొక్కదానికే చెప్పాడు. అదీ ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకున్నాకే.

తల్లి లేచి వరండాలోకి చూసింది. పెద్దకొడుకు గోడవైపు తిరిగి, తన గిన్నెలోంచి తన పళ్లెంలోకి వడ్డించుకుని, ఒంటరిగా తింటున్నాడు. ఫ్రిజ్ తెరిస్తే పై అరకి అడ్డంగా టేపు అంటించి ఉంది, అందులో అతని కీరాలు. ఆవిడ ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే అంతా అక్కడితో తేలిపోయేది. ఆవిడ నేరుగా వంటింట్లోకి వెళ్లి, వాడికి ఇష్టమైనవన్నీ నూనెలో వేయించి పెద్ద పళ్లెం నిండా పట్టుకొచ్చింది.

"వద్దమ్మా," అన్నాడు డ్రైవరు ముక్కు మూసుకుని. "ఇకనుంచి నా వంట నాదే. నువ్వేం పెట్టినా ముట్టను."

అంత గట్టిగా చెప్పకపోతే తను జారిపోతాడని అతని భయం. తల్లికి మాత్రం కాళ్ల కింద నేల కదిలిపోయింది. ఆవిడ కళ్లొత్తుకోవడం చూసి డ్రైవరు తమ్ముడు వదిన దగ్గరికి వెళ్లాడు. వదిన వంటింట్లో కూర్చుని ఆ పళ్లెంలోవే తీరిగ్గా తింటోంది.

"వదినా, అన్నయ్య వేరుపడుతున్నాడా? నావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?"

"నన్నేం అడక్కు. చెప్పనని మాటిచ్చాను."

"మరి నువ్వు ఇక్కడే తింటున్నావేం?"

"ఆయన పొయ్యితో నాకేం పని?"

తమ్ముడు పరుగున తల్లి దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, అన్నయ్య మనల్నే కాదు, వదిననీ వదిలేశాడు."

తల్లి వెంటనే తన తమ్ముడికి ఫోన్ చేసింది. ఆయన రిటైరైన సర్వేయరు. ఎంత పెద్ద తగువైనా సరిగ్గా కొలిస్తే తీరిపోతుందని ఆయన నమ్మకం.

మర్నాడు డ్రైవరు డ్యూటీ నుంచి వచ్చేసరికి వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా నేలమీద సుద్దగీత గీసి ఉంది. అది ఫ్రిజ్ కింద దూరి అవతల తేలింది. కొలిచే టేపు ఒక కొస మేనమామ చేతిలో, రెండో కొస తమ్ముడి చేతిలో.

"ఏమిటిది మావయ్యా?"

"నీ వాటా. ముందు గది నీకే ఇచ్చెయ్యమంటున్నాడు మీ తమ్ముడు. వాణ్ని చూసైనా సిగ్గు తెచ్చుకో."

"గది తీసుకో అన్నయ్యా," అన్నాడు తమ్ముడు తడి కళ్లతో. "రోజుకొక్కసారి మాట్లాడితే చాలు."

తల్లి నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు. పెద్దాడు తనతో కలిసి తింటే తప్ప తిననని భీష్మించుకు కూర్చుంది. ఇప్పుడు నూనె కారుతున్న ముద్ద ఒకటి కలిపి కొడుకు నోటి దగ్గర పెట్టింది.

"ఇది తిను. అప్పుడు నువ్వు నా కొడుకువేనని నమ్ముతాను."

డ్రైవరు ముద్దవైపు చూశాడు, తల్లి వాడిపోయిన ముఖంవైపు చూశాడు.

"అమ్మా, అది తింటే నా స్టీరింగ్ పోతుందే," అని ఉన్నదంతా కక్కేశాడు.

మేనమామ చప్పుడు చేయకుండా టేపు చుట్టుకున్నాడు.

"ఎంత ఎక్కువున్నావు?" అంది తల్లి.

"రెండు కిలోలు."

"రెండు కిలోల కోసం నా కడుపు మాడ్చావుట్రా." ఆవిడ ముద్ద పళ్లెంలో పడేసి చెయ్యి కడుక్కుంది. "అయితే ఈ ఇంట్లో ఇక అందరిదీ ఆ పొయ్యే. నువ్వు ఒక్కడివే గోడవైపు తిరిగి తింటే నేను చూడలేను." ఆవిడ మేనమామవైపు తిరిగింది. "తమ్ముడూ, నువ్వు కూడా ఉండి తినే వెళ్లు."

మేనమామ బస్సు టైమైందని ఏదో అనబోయాడు. ఆయన సంచీని అక్క అప్పటికే లోపలి గదిలో పెట్టేసింది.

ఆ వారమంతా మేనమామతో సహా ఇంటిల్లిపాదీ కీరా కొరికారు. శనివారం స్టేషన్లో తూకం ముల్లు తొంభైకి ఇవతలే ఆగింది. స్టీరింగ్ దక్కిన ఆనందంలో డ్రైవరు ఇంటికొచ్చి నేరుగా వంటింట్లోకి నడిచాడు. ఈ ఒక్క పూట అమ్మ చేతి వేపుళ్లు కడుపునిండా తిని తీరాలని దారంతా నిశ్చయించుకున్నాడు.

వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. మూకుళ్లన్నీ మూటగట్టి అటక ఎక్కించేశారు. తల్లి వరండాలో కూర్చుని చిక్కుడు గింజలు తూస్తోంది.

"మోకాళ్ల నొప్పి తగ్గిందిరా," అంది సంబరంగా. "మెట్లు చకచకా ఎక్కేస్తున్నాను. ఇక ఎప్పటికీ మనకిదే వంట. కూర్చో, జావ పోస్తాను."

కాదనడానికి అతనికి మనసొప్పలేదు. అంతలో డాబామీద నుంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన వచ్చింది. చెయ్యి కడుక్కొస్తానని చెప్పి పిల్లిలా మెట్లెక్కాడు. నీళ్ల ట్యాంకు చాటున కొత్త స్టవ్వు, దానిమీద మూకుడు, చెరోపక్క తమ్ముడూ మేనమామా. అన్నను చూసి తమ్ముడు గతుక్కుమన్నాడు. మేనమామ మాత్రం కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు. డ్రైవరు కూర్చున్నాడు.

ఆ పూట ఆ ఇల్లు నిజంగానే రెండుగా చీలింది. గీత గీయడానికి మాత్రం మనిషి దొరకలేదు, సర్వేయరు ఉల్లిపాయలు కలుపుతున్నాడు.