ముగ్గులోకి దిగిన మేనరికాలు

పెళ్ళాం మనకన్నా ఎక్కువ చదువుకుంటే మొగుడికి వచ్చిన నష్టమేమీ లేదండి. ఆ చదువుకి తగ్గ ఉద్యోగం దొరికేలా ఉన్నప్పుడే వస్తుంది చిక్కంతా. మీరంతా మనవాళ్ళు కాబట్టి చెబుతున్నాను, బయట అనకండి.

గోవర్ధనరావు అని అడిగితే బందర్లో నా ఇల్లు ఎవరూ చూపించలేరు. గిల్టు గోవర్ధనం అంటే మాత్రం రిక్షావాడు నేరుగా తీసుకొచ్చి దింపుతాడు. చిలకలపూడిలో రోల్డు గోల్డు నగల కొట్టు నాది. మా ఆవిడ లీలావతి నా మేనమామ కూతురే. వాల్తేరు వెళ్ళి జన్యుశాస్త్రంలో డాక్టరేటు చేసి వచ్చింది. అంటే మరేం లేదు, అరటిపళ్ళ మీద ముసిరే బుల్లి ఈగలకి పెళ్ళిళ్ళు చేసి, వాటి పిల్లలకి కళ్ళు ఎర్రగా వస్తాయా తెల్లగా వస్తాయా అని ఏళ్ళ తరబడి చూసింది. ఆ మాటకొస్తే కొట్లో కూర్చుని నేను తోలుకుంటున్నదీ ఈగల్నే. నాకెవరూ డాక్టరేటు ఇవ్వలేదు.

ఇంత చదువుకి ఉద్యోగాలు ఎక్కడుంటాయే అని మా అమ్మ ఆనందమ్మ అప్పుడప్పుడూ నిట్టూర్చేది. లీల ఓపిగ్గా చెప్పేది. కొత్త వరి వంగడాలు తీసేవాళ్ళకి ఈ చదువు కావాలట, మేలుజాతి గేదెల్ని పెంచేవాళ్ళకి కావాలట, కుటుంబాల్లో తాతల నుంచి మనవలకి దిగే జబ్బులు వెతికే ఆస్పత్రులకి కావాలట. రేపు రేపు ఊళ్ళకి ఊళ్ళ వంశాల్ని కంప్యూటర్లో పెట్టి లెక్కలు కడతారట. గోత్రాల్ని యంత్రం పాలు చేస్తారా అని మా అమ్మ చెంపలేసుకునేది.

దివిసీమ ఉప్పెన వచ్చిన రెండో ఏడు, హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ వాళ్ళు లీలని సైంటిస్టు పోస్టుకి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. వంశపారంపర్యపు జబ్బుల మీద పని. డాక్టరేటు ఉంటేనే తీసుకుంటారు. ఆ సాయంత్రం లీల పప్పులో ఉప్పు రెండుసార్లు వేసి, తనే తిని, బాగుందంది. అంత సంతోషంగా తనని మా పెళ్ళిలో కూడా చూడలేదు.

నా గుండెల్లో మాత్రం రాయి పడింది. లీల లేని ఇంట్లో నేనూ మా అమ్మా ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడుకోవాలి? పైగా కోడలు వచ్చాక పొయ్యి దగ్గరికి వెళ్ళనని మా అమ్మ ఒట్టు పెట్టుకుంది. ఊళ్ళోనే చేతినిండా పని తగిలిస్తే హైదరాబాదు ఊసు తనే మరిచిపోతుందని పథకం వేశాను.

మర్నాడే కొట్టుకి బోర్డు రాసినవాడి చేత ఇంటికీ ఒకటి రాయించి గుమ్మానికి తగిలించాను. "డాక్టర్ లీలావతి, వంశశాస్త్ర నిపుణులు. సంబంధం ఖాయం చేసుకునే ముందు సంప్రదించండి. జాతకంలో దొరకనిది ఇక్కడ దొరుకుతుంది."

లీల బోర్డు చదివింది. కోప్పడుతుందని రెండడుగులు వెనక్కి వేశాను. తను నవ్వి, అక్షరాలు ఇంకాస్త పెద్దవి రాయించాల్సింది బావా అంది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

జనం రావడం మొదలైంది. లీల వాళ్ళని అరుగు మీద కూర్చోబెట్టి ముగ్గుపిండి చేతికి తీసుకునేది. మగవాళ్ళకి గడి, ఆడవాళ్ళకి సున్నా, పెళ్ళికి ఒక గీత, మేనరికానికి జంట గీత. జబ్బున్నవాళ్ళ గడి నిండా పిండి నింపేది. చూస్తుండగానే మూడు తరాలు అరుగు మీదకి దిగేవి.

మొదట్లో మా అమ్మ మండిపడింది. మేనరికాలకి వంకలు పెట్టడానికి నువ్వెవరివే, నీది మాత్రం మేనరికం కాదా అని నిలదీసింది. మేనరికాలన్నీ చెడ్డవని తను అనడం లేదని లీల సర్దిచెప్పింది. ఒకే లోపం రెండు వైపులా పైకి కనబడకుండా దాగి ఉండవచ్చట. దగ్గరివాళ్ళు పెళ్ళి చేసుకుంటే ఆ రెండూ బిడ్డలో కలుసుకునే అవకాశం ఎక్కువట. ఇనుగుదురుపేట ఖాసింబీ తన కొడుక్కి తమ్ముడి కూతుర్ని అనుకుంటూ వచ్చింది. అంతా విని, "మరి మీ అత్తగారిదీ మేనరికం, మీదీ మేనరికం. మీ ఇంట్లో ఏమీ కాలేదు గదమ్మా" అంది. లీల నా వైపు చూసి ఊరుకుంది. అరుగు మీదున్న వాళ్ళందరూ నా వైపు చూసి, అర్థమైనట్టు తలలూపారు.

నాలుగు రోజులు తిరక్కుండా మా అమ్మ కూడా ముగ్గులోకి దిగిపోయింది. ఏ ఇంటి కోడలు ఏ ఊరి పిల్లో, ఎవరికి ఎంతమంది పుట్టి పోయారో ఆవిడకి నోటికొచ్చు. లీల గీత తప్పితే చాలు, పిండి డబ్బా లాక్కుని తనే దిద్దేది.

ఒకరోజు చేపల బుట్ట దింపుకుని కొండమ్మ కూర్చుంది. ఆమెది దివిసీమలో సముద్రం ఒడ్డు పల్లె. సంబంధం ఏదీ అడగలేదు. మావాళ్ళని కూడా వెయ్యమ్మా అంది. ఉప్పెనలో పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే లీల వేస్తూ పోయింది. అందర్నీ ఒక్కచోట చూసి కొండమ్మ ఒక్కో గడి దగ్గరా వంగి ఆ పేరు మళ్ళీ పిలిచింది. ఆ రోజు అరుగు ఊడ్చవద్దని మా అమ్మ పనిమనిషికి గట్టిగా చెప్పింది.

ఇక నా కష్టాలు వినండి. పేటలో ఖాయమైన మేనరికాలు ఒక్కొక్కటే ఆగిపోసాగాయి. మరదళ్ళు వద్దన్న బావలంతా నా కొట్టు ముందు చేరి, మీ ఆవిడ మా కొంపలు కూల్చిందని నిష్ఠూరాలాడారు. వాళ్ళలో ఒకడికి టీ ఇప్పించి ఓదార్చాను. మర్నాటి నుంచి టీ కోసమే ఇంకా నలుగురు వచ్చారు. అసలు దెబ్బ తరవాత తగిలింది. పెళ్ళిళ్ళు ఆగేసరికి పెళ్ళికూతుళ్ళ కోసం తీసుకెళ్ళిన వడ్డాణాలూ పాపిడిబిళ్ళలూ అన్నీ నా కొట్టుకి తిరిగొచ్చాయి. నా బోర్డు నా వ్యాపారాన్నే మింగేసింది.

ఇంత జరిగినా లీల హైదరాబాదు సంగతి మరిచిపోలేదు. రాత్రిళ్ళు పుస్తకాలు తిరగేస్తూనే ఉంది. ఇక ఆఖరి అస్త్రం తీశాను. గుడివాడలో రైసుమిల్లు ధనరాజుగారికి ఏదో మేనరికం బెంగ ఉందని విన్నాను. లీల బస్సెక్కాల్సిన రోజు పొద్దున్నే ఆయన్ని రమ్మని కబురు పెట్టాను. అంత పెద్దమనిషి ఇంటికొస్తే తను లేచి ఎలా వెళ్ళిపోతుంది?

"బావా, ఇంటర్వ్యూ రేపు పొద్దున. ఇవాళ పదింటి బస్సు తప్పితే ఇక అందుకోలేను."

"ఎక్కుదువుగానిలే. ధనరాజుగారు వస్తున్నారు. పావుగంట పని."

"పావుగంటేనా?"

"నీ ముగ్గు మీద ఒట్టు."

"సరే బావా. అలాగే కానియ్యి" అంది లీల. ఆ అనడంలో కంగారు లేదు. నేను గమనించుకోలేదు.

ధనరాజుగారు అంబాసిడర్ కార్లో దిగారు. ఆయన పెద్ద కూతుర్ని తన చెల్లెలు కనకరత్నం కొడుక్కే ఇచ్చారు. వాళ్ళకి ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ పుట్టుకతోనే చెవుడు. ఇప్పుడు ఆయన కొడుక్కి కనకరత్నం కూతుర్ని చెయ్యాలి. ఆ పిల్ల పుట్టిననాడే అనుకున్న మాట. చెయ్యకపోతే చెల్లెలు గడప తొక్కదు. చేస్తే ఏమవుతుందోనని ఆయనకి నిద్ర పట్టడం లేదు.

లీల ముగ్గు వేసింది. మా అమ్మ తరాలు అందించింది. ధనరాజుగారి అమ్మమ్మ అన్నకి కూడా చెవులు వినిపించేవి కావని అప్పుడు బయటపడింది. జంట గీతలు ఒకదాని కింద ఒకటి చేరి, చివర రెండు గడులు పిండితో నిండిపోయాయి. అంత పెద్దమనిషీ అరుగు మీద చతికిలబడి, "ఇది ఎవరు చేసిన పాపం అమ్మా?" అని అడిగారు.

"ఎవరి పాపమూ కాదండి. మీకూ మీ చెల్లెలికీ మీ అమ్మమ్మ ఇచ్చింది. మీకూ తెలియదు, ఆవిడకీ తెలియదు" అంది లీల.

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. అంతవరకూ తనే తప్పు చేసి మనవల్ని అలా పుట్టించినట్టు కుమిలిపోతున్నారట. పరీక్షలేమైనా ఉన్నాయా అని అడిగారు. హైదరాబాదులో ఇలాంటి కుటుంబాల్ని చూసే సంస్థ ఉందనీ, రేపు తన ఇంటర్వ్యూ అక్కడేననీ లీల చెప్పింది. నేను గోడ గడియారం వైపు చూసి, అయ్యో, బస్సు వెళ్ళిపోయిందే అని విచారం నటించాను.

"బస్సెందుకమ్మా, కారుంది కదా. లేవండి" అన్నారు ధనరాజుగారు.

పరాయివాళ్ళ కార్లో కోడల్ని ఒంటరిగా ఎలా పంపిస్తానని మా అమ్మ అప్పటికే వెనక సీట్లో కూర్చుంది. డబ్బాలో ముగ్గుపిండి కూడా పట్టుకెళ్ళింది. నేను వీధిలో నిలబడి చెయ్యి ఊపాను. ఏం చేస్తాను మరి.

మూడోరోజు తిరిగొచ్చి మా అమ్మ చెప్పిన వైనం ఇది. ఇంటర్వ్యూ చేసే పెద్దలు ఏవేవో ఇంగ్లీషులో అడిగారట. లీల నల్లబల్ల మీద ధనరాజుగారి వంశం మొత్తం వేసిందట. ఆ పెద్దలు కుర్చీల్లోంచి లేచి బల్ల దగ్గరికొచ్చి చూశారట. ఇన్ని తరాల సంగతులు జనం నీతో ఎలా చెప్పారని ఒకాయన అడిగాడట.

"నేను అడగలేదండి. ముగ్గు సగం వేసి ఊరుకుంటాను. సగం ముగ్గు చూస్తే మా వైపు ఆడవాళ్ళు ఊరుకోలేరు" అందట లీల.

ఉద్యోగం అక్కడికక్కడే వచ్చినంత పని అయింది. కృష్ణా డెల్టా పల్లెల్లో వంశాల సర్వే పెట్టారు. దానికి లీలే అధికారి. అవనిగడ్డ నుంచి మొదలుపెట్టి నందివాడ దాకా తిరగాలి. గుడివాడలో ఆఫీసుకి ధనరాజుగారు రెండు గదులిచ్చారు. ఆయన మేనరికం వదులుకున్నారు. కనకరత్నం మొదట శాపనార్థాలు పెట్టినా, ముగ్గు తన కళ్ళతో చూసుకున్నాక తనే కూతురికి వేరే సంబంధం వెతికింది. రెండు పెళ్ళిళ్ళూ ఘనంగా జరిగాయి. వాళ్ళది అసలు బంగారం కావడంతో నా కొట్టుకి ఏమీ ఒరగలేదు.

ఉద్యోగం ఖాయమైన రోజు లీలని అభినందించి, ఆ రోజు ధనరాజుగారు సమయానికి రావడం నీ అదృష్టం అన్నాను.

"అదృష్టమేముంది బావా. కబురు పెట్టింది నువ్వేగా."

"నీకెలా తెలుసు?"

"నువ్వు కబురు ఇచ్చి పంపిన మనిషి దారిలో నన్ను అడిగి వెళ్ళాడు, ఏ రోజు రమ్మనాలో మరిచిపోయానని. వాళ్ళకి కారుందని తెలుసు. అందుకే నేను బస్సు టిక్కెట్టు కొనలేదు."

నేనూ నవ్వేశాను. ఒప్పుకోవాలి కదండీ, అంత తెలివైన మనిషి నా పెళ్ళాం అని కాస్త పొంగిపోయాను కూడా. అయితే ఇంకో వార్త మిగిలే ఉంది. తరాలు చెప్పించడానికి ఒక సహాయకురాలిని పెట్టుకోవచ్చని పైవాళ్ళు అనుమతిచ్చారట. లీల మా అమ్మని పెట్టుకుంది. ఒకరిని ఇంట్లో ఉంచుకుందామని పథకం వేస్తే ఇద్దరు వెళ్ళిపోతున్నారు. ముగ్గుల్ని యంత్రంలో పెట్టేముందు తనకి ఒకసారి చూపించాలని మా అమ్మ షరతు కూడా పెట్టిందట.

మొన్న సోమవారం అవనిగడ్డ బస్సు ఎక్కించడానికి వెళ్ళాను. సామాను పైన వేశాను. మా అమ్మ కిటికీ పక్క సీటు పట్టి, పక్కావిడ పుట్టింటి వివరాలు అప్పుడే మొదలుపెట్టింది. లీల కిటికీలోంచి, శనివారం వస్తాం బావా అంది. తన మొహం ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన సాయంత్రం కన్నా ఎక్కువ వెలిగిపోతోంది. కండక్టరు తలుపు మూయబోతూ నన్ను చూసి, మీరు ఎక్కరా అండీ అని అడిగాడు.

"నాకు ఉద్యోగం రాలేదండి" అన్నాను.