మంత్రిగారి పదకొండు అరెస్టులు

కుర్చీలు తుడిచే మనిషి నుంచి కుర్చీలో కూర్చునే మనిషి దాకా, సర్కారు కొలువులో ఉన్న ప్రతి ఒక్కరి నేరచరిత్రనూ తవ్వి ప్రజల ముందు పెడతామని మంత్రిగారు ప్రకటించారు. ముందు తనదే తవ్వమన్నారు. ఆ త్యాగానికి వెనక వరసలో కునుకు తీస్తున్నవాళ్ళు కూడా లేచి చప్పట్లు కొట్టారు.

"ప్రజల కోసం పదకొండుసార్లు అరెస్టయ్యాను! ఆ పదకొండూ వెతికి తీసి, వచ్చే సోమవారం ఇదే వేదిక మీద చదవండి. తీసిన ఉద్యోగిని అక్కడికక్కడే పర్మనెంటు చేస్తాను!" అని, ఆ పదకొండు అరెస్టుల రికార్డు కోరే దరఖాస్తు మీద అందరూ చూస్తుండగా సంతకం పెట్టారు.

దరఖాస్తు పోలీసు స్టేషను రికార్డు గదికి వచ్చింది. ఆ గదిలో ఉన్నది ఒకే ఒక్క గుమాస్తా. తొమ్మిదేళ్ళుగా టెంపరరీ.

"నా ఇంట్లో కోడలిగా పర్మనెంటయి పదేళ్ళయింది. అక్కడేమో ఇంకా టెంపరరీ. ఈసారైనా కానియ్యవే తల్లీ" అని అత్తగారు టిఫిను డబ్బా చేతికిచ్చి సాగనంపింది.

గుమాస్తా ముక్కుకు కొంగు కట్టుకుని మూడు రోజులు అరెస్టు రిజిస్టర్లు తిరగేసింది. ఊళ్ళో తలలు పగలగొట్టినవాళ్ళు దొరికారు. ఒకే మేకను రెండుసార్లు దొంగిలించినవాడు దొరికాడు. మంత్రిగారు మాత్రం దొరకలేదు. నాలుగో రోజు ఆయన పేరు కనిపించింది. పదకొండుసార్లు, పదకొండు తేదీలతో. కాకపోతే అది సందర్శకుల పుస్తకం.

వచ్చిన పని అనే గడిలో ప్రతిసారీ ఒకటే మాట: ఫోటో. పక్కన అప్పటి రైటరు ముత్యాల్లాంటి దస్తూరీతో రాసిపెట్టాడు. "లాకప్పులో కూర్చుంటామన్నారు. కూర్చోబెట్టి టీ ఇచ్చాం. ఫోటో అయ్యాక వెళ్ళారు." ఏడోసారి దగ్గర ఇంకో ముక్క ఉంది. "పోయినసారి ఫోటోలో ఊచలు సరిగా పడలేదని మళ్ళీ వచ్చారు."

గుమాస్తా పుస్తకం పట్టుకుని ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళింది.

"సార్, మంత్రిగారి మీద ఏమీ లేదు."

"అంత మాట అనకమ్మా."

"నిజం సార్. ఆయన ఏ నేరమూ చెయ్యలేదు."

"మెల్లగా! బయట ఆయన సెక్రటరీ ఉన్నాడు."

సెక్రటరీ అప్పటికే విన్నాడు. లోపలికి వచ్చి నిలబడ్డాడు.

"మా సార్ ఏమీ చెయ్యలేదని రాస్తారా? పరువునష్టం దావా వేస్తాం. పదకొండూ రాసిపడెయ్యండి!"

"అరెస్టు రిజిస్టరు పేజీలకు అచ్చు నంబర్లున్నాయండీ. మధ్యలో గోరు దూర్చే సందు కూడా లేదు" అంది గుమాస్తా.

"అయితే ఇప్పుడు అరెస్టు చెయ్యండి."

"దేనికండీ?"

"ఏదో ఒకటి చూడండి. దొంగతనం మాత్రం వద్దు. జనం నమ్మేస్తారు."

అరగంటలో మంత్రిగారే స్వయంగా వచ్చారు. ఇస్త్రీ మడత నలగని చొక్కాలోంచి రెండు చేతులూ ముందుకు చాపారు. ఇన్‌స్పెక్టరు బేడీలు తీసి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"తప్పు చెయ్యకుండా బేడీలెలా వెయ్యను సార్?"

"ఇన్నేళ్ళు రాజకీయాల్లో ఉన్నానయ్యా. ఏ తప్పూ చెయ్యలేదంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

గుమాస్తాకు పర్మనెంటు ఉద్యోగం కళ్ళముందే కరిగిపోతోంది. చేతిలోని దరఖాస్తును ఊరికే తిప్పి చూసింది. మళ్ళీ చూసింది.

"సార్... ఒకటుందండీ."

"చెప్పమ్మా, చెప్పు!"

"పదకొండుసార్లు అరెస్టయ్యానని ఇందులో సంతకం పెట్టారు. కాలేదు కదండీ. అబద్ధం రాస్తే అరెస్టు చెయ్యవచ్చని కిందే అచ్చేసి ఉంది."

ఇన్‌స్పెక్టరు కళ్ళు మూసుకున్నాడు.

"అద్భుతం!" అన్నారు మంత్రిగారు. "చూశావయ్యా సెక్రటరీ, తెలివంటే ఇదీ! ఫోటోగ్రాఫర్ని పిలు."

అబద్ధాన్ని కనిపెట్టింది గుమాస్తా కాబట్టి ఫిర్యాది సంతకం ఆమే పెట్టింది. మంత్రిగారు బేడీలు వెలుతురువైపు తిప్పుకున్నారు. ఊచలు ఈసారి చక్కగా పడ్డాయి. టీ చల్లారేలోపు బెయిలు వచ్చింది.

సోమవారం వేదిక మీద ఇన్‌స్పెక్టరు రికార్డు చదివాడు. "మంత్రిగారు ఒక్కసారి అరెస్టయ్యారు. కారణం, అరెస్టయ్యానని చెప్పడం."

జనం అరెస్టన్న మాట రెండుసార్లు విన్నారు, నాలుగు నిమిషాలు చప్పట్లు కొట్టారు. మిగతా పదీ సారు వినయం కొద్దీ చెప్పుకోవడం లేదని సెక్రటరీ మైకులో వివరించాడు.

తర్వాత గుమాస్తాను పైకి పిలిచారు. ముందు వరసలో అత్తగారు లేచి నిలబడింది. మంత్రిగారు పెన్ను మూత తీశారు. సెక్రటరీ వంగి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మంత్రిగారి ముఖం వాడిపోయింది.

"నీ రికార్డు కూడా చూశామమ్మా. ఒక క్రిమినల్ కేసులో నీ పేరుందట."

"అది మీ కేసే కదండీ! అందులో నేను ఫిర్యాదినండీ!"

"ఏ వరసలో ఉన్నా పేరు పేరే తల్లీ. ఆ కేసు తేలేదాకా ఆగాలి. రూలు అందరికీ ఒకటే. నాకే బాధగా ఉంది" అని ఆయన పెన్ను మూత పెట్టి, కళ్ళు తుడుచుకున్నారు. ఆ నిజాయితీకి జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

"అబద్ధమాడింది ఆయన, ఇరుక్కుంది నువ్వా!" అంది అత్తగారు దారిలో.

"అవునత్తయ్యా."

"మన వంశంలో తెలివైనవాళ్ళు లేరనుకున్నా. ఉంటే ఏమవుతుందో ఇప్పుడు తెలిసింది."

అప్పటినుంచి గుమాస్తా ప్రతి వాయిదాకూ సెలవు పెట్టి కోర్టుకు వెళుతోంది. మంత్రిగారు ఫోటోగ్రాఫరుతో వస్తారు, మెట్ల మీద చెయ్యి ఊపుతారు, ఇంకో వాయిదా పుచ్చుకుని వెళతారు. ఎనిమిదో వాయిదానాడు ఆమె ధైర్యం చేసి సెక్రటరీని ఆపింది.

"అయ్యా, ఈ కేసు ఎప్పటికి తేలుతుందండీ?"

సెక్రటరీ ఆమెవైపు జాలిగా చూశాడు.

"తేలడమేంటమ్మా? మా సార్‌కి ఉన్నదే ఒక్క కేసు. కంటికి రెప్పలా కాపాడుకుంటున్నాం."