పది నుంచి పన్నెండు దాకా ప్యాచ్ పని

బుధవారం ఉదయం ఎనిమిదిన్నరకు స్రవంతి చేతిలో ఒక కాగితం ఉంది. దానిమీద ఆరు సర్వర్ల పేర్లు, వాటి ఎదురుగా ఆరు ఖాళీ గళ్లు. మధ్యాహ్నానికల్లా ఆరింటికీ టిక్కులు పెట్టేసి, క్యాంటీన్‌లో నింపాదిగా కూర్చుని పప్పుచారుతో అన్నం తినాలన్నది ఆమె ఆనాటి ప్రణాళిక.

బచేలిలో ఇనుప ఖనిజాన్ని ట్రక్కుల్లో రైలు సైడింగ్‌కు చేర్చే ఒక కంపెనీలో స్రవంతి సిస్టమ్స్ ఇంజనీరు. ఆమె సొంతూరు మరైగూడ. ట్రక్కులను తూచే కాంటా, గేటు పాసులు, వ్యాగన్ల జాబితా, మూడు షిఫ్టుల హాజరు, అన్నీ ఆమె చేతికింద ఉన్న ఆ ఆరు యూనిక్స్ సర్వర్ల మీదే నడుస్తాయి. పదకొండు నెలలుగా అవి ఒక్కసారి కూడా ఆగలేదని మేనేజరు వీరేందర్ వచ్చినవాళ్లందరికీ గర్వంగా చెప్పుకుంటాడు. స్రవంతి భయం కూడా అదే. పదకొండు నెలలు ఆగలేదంటే పదకొండు నెలలుగా ఒక్క ప్యాచ్ కూడా పడలేదని అర్థం. సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా బయటపడ్డ లోపాలను పూడ్చడానికి తయారీదారు ఎప్పటికప్పుడు సవరణలు పంపుతాడు. వాటినే ప్యాచ్‌లంటారు. అవి వేయాలంటే సర్వర్లను ఒకసారి ఆపి లేపాలి. ఆపుతానని ఆమె ఇప్పటికి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ వీరేందర్ ఒప్పుకోలేదు.

ఈసారి హెడ్డాఫీసే పట్టుబట్టింది. బుధవారం సాయంత్రం అయిదులోగా అన్ని కేంద్రాల్లోనూ ప్యాచ్‌లు పడాలి, పడనిచోట బాధ్యుల వివరణ కావాలి అని రాసింది. స్రవంతి ప్రొబేషన్ ఆ నెలాఖరుతో ముగుస్తుంది. వివరణలు రాసుకున్నవాళ్లను పర్మనెంటు చేసిన చరిత్ర ఆ కంపెనీకి లేదు.

అందుకని ఆమె జాగ్రత్తగా ముందుకు కదిలింది. నాలుగు రోజులపాటు, తెగిపోతూ అతుక్కునే నెట్‌లో ప్యాచ్‌లను దించుకుంది. ఏది ముందు వేయాలో, ఏది తర్వాత వేయాలో రాసుకుంది. చివరికి కాంటా ఇన్‌చార్జి దుర్గేశ్‌కు ఒక సందేశం పంపింది. ‘ఈరోజు పది నుంచి పన్నెండు దాకా సర్వర్లలో ప్యాచ్ పని ఉంది. ఆ సమయంలో కాంటా నడవదు. ట్రక్కులను ఆపగలరు.’

దుర్గేశ్ మంచివాడు. పొడుగు సందేశాలు డ్రైవర్లు చదవరని అతనికి అనుభవం. దాన్ని హిందీలోకి మార్చి, అనవసరమనిపించిన మాటలు తీసేసి, ట్రక్కుల గ్రూపులో పెట్టాడు. ‘ఆజ్ దస్ సే బారా ప్యాచ్ వర్క్. గాడీ మత్ లానా.’ అంటే, ఈరోజు పది నుంచి పన్నెండు ప్యాచ్ పని, బండ్లు తేవద్దు అని. అతనికి అనవసరమనిపించిన మాటల్లో ‘సర్వర్లలో’ అన్నది ఒకటి.

ట్రక్కుల యూనియన్ పెద్ద సోమారు ఆ ముక్క చదివి చాలా సంతోషించాడు. ప్యాచ్ వర్క్ అంటే ఆ చుట్టుపక్కల ఎవరికైనా ఒకటే అర్థం, రోడ్డు గుంతలు పూడ్చడం. మెయిన్ రోడ్డు నుంచి కాంటా దాకా కంపెనీ వేసుకున్న దారి మూడు వానాకాలాలుగా గుంతలమయమై ఉంది. దానికోసం యూనియన్ ఇచ్చిన అర్జీలు సోమారు దగ్గర ఒక సంచెడు ఉన్నాయి. ‘మన రోడ్డు బాగవుతోంది, ఎవరూ దారిలోకి పోవద్దు, మెయిన్ రోడ్డు మీదే ఆగండి’ అని అతను మిగిలిన అన్ని గ్రూపులకూ పంపాడు. తొమ్మిది కాకుండానే మెయిన్ రోడ్డుకు రెండు వైపులా ట్రక్కులు బారులు తీరాయి.

అప్పుడే స్రవంతి ఫోన్ మోగింది. క్యాంటీన్ నడిపే అప్పలకొండమ్మ. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇరవై రెండేళ్లుగా ఇక్కడే వంట చేస్తున్న మనిషి. ఎక్కడ ఏ పని జరిగినా కూలీలకు భోజనం ఆమెదే.

“అమ్మా స్రవంతీ, ప్యాచ్ పని నువ్వే సేయిత్తన్నావంట గదా. దుర్గేశు సెప్పినాడు. ఎంతమందమ్మా?”

స్రవంతి ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. కళ్లు తెర మీద ఉన్నాయి. “ఆరు, అత్తా.”

“ఆరేనా? సర్లే. అందరికీ ఒక్కపాలే పెట్టేత్తావా?”

“అట్ల పెట్టను. ముందు ఒకదానికి పెట్టి చూస్త. కొంచెంసేపు చూసి, ఏం కాకపోతే మిగిలినవాటికి పెడత.”

“ఏం కాకపోతే అంటే? ఏటవుద్దని?”

“ఒక్కోసారి పడదత్తా. పెట్టినంక లేవకుండ అట్లనే పడుంటయ్.”

“లేవకపోతే ఏటి సేత్తావు?”

“ఏముంది, కరెంటు తీసి మళ్ల పెడత.”

అప్పలకొండమ్మ ఫోన్ పెట్టేసింది. ఇరవై రెండేళ్లలో తన వంట తిని పడిపోయినవాడు ఒక్కడు లేడు. పైగా కూలివాడిని ముందు కూర్చోబెట్టి పరీక్ష చేయడం, పడిపోతే కరెంటు పెట్టడం. ఇంత చదువుకున్న పిల్ల ఇలా తయారైందేమిటా అని బాధపడుతూ, వెంటనే సివిల్ ఇంజనీరు సీతారాములుకు ఫోన్ చేసింది. రోడ్డు కూలీల మంచిచెడ్డలు చూడాల్సింది ఆయనే.

రిటైర్మెంటుకు పద్నాలుగు నెలల దూరంలో ఉన్న సీతారాములు ఇంట్లో ఇడ్లీ తింటున్నాడు. ఆమె చెప్పినదాంట్లో కరెంటు సంగతి ఆయన చెవికి ఎక్కలేదు. ఎక్కింది ఒక్కటే. తన రోడ్డుకు తనకు తెలియకుండా కంప్యూటర్ సెక్షన్ వాళ్లు ప్యాచ్ పని చేయిస్తున్నారు. చేయి కడుక్కుని బయల్దేరాడు.

ఆయన మేనేజరు గదిలోకి వెళ్లేసరికి వీరేందర్ ఎవరితోనో ఫోన్‌లో చాలా వినయంగా మాట్లాడుతున్నాడు. తహసీల్ ఆఫీసు నుంచి కాల్. ట్రక్కుల మధ్య రెండు బస్సులు చిక్కుకున్నాయి, మీ ప్యాచ్ పని ఎప్పటికి అవుతుందని అడుగుతున్నారు. తన కంపెనీలో జరిగేది తనకు తెలియదని ఒప్పుకోవడం వీరేందర్‌కు అలవాటు లేదు. ‘పన్నెండుకల్లా పూర్తవుతుంది సార్’ అని మాటిచ్చి ఫోన్ పెట్టేశాడు.

“సీతారాములు, పన్నెండుకల్లా పూర్తి కావాలె” అన్నాడు.

“మొదలు కావాలె గద సార్. మనుషులు, మాలు...”

“అవన్నీ నన్నడుగుతవేంది? సివిల్ నీది కాదా?”

సివిల్ తనదేనని రుజువు చేసుకోవడానికి వచ్చిన మనిషి ఇక ఏమంటాడు. అదృష్టమో కాదో చెప్పలేం కానీ, ఎక్కడో రోడ్డు పనికి వెళ్తున్న వేడి తారు కంకర లారీలు రెండు, రోలరుతో సహా, ఆ వరుసలోనే చిక్కుకుని ఉన్నాయి. ఇంకో గంట అక్కడే ఉంటే మాలు చల్లారి బండరాయి అవుతుందని ఆ కాంట్రాక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు. సీతారాములు వెళ్లి అడగ్గానే అతను ఆయన చేతులు పట్టుకున్నాడు. కూలీలు పాతికమంది లారీల మీదే ఉన్నారు. సోమారు ముందు నడుస్తూ ఒక్కో గుంతనూ పాత పరిచయస్తుణ్ని చూపించినట్టు చూపించాడు. పది కాకముందే పని ఊపందుకుంది.

పదింపావుకు స్రవంతి అన్నీ సిద్ధం చేసుకుని, నియమం ప్రకారం చివరి అనుమతి కోసం మేనేజరుకు ఫోన్ చేసింది.

“సార్, ప్యాచ్ మొదలువెట్టమంటరా?”

“మొదలేంది? సీతారాములు అప్పుడే రెండు పూర్తి చేసిండు గద.”

స్రవంతి చేయి కీబోర్డు మీద ఆగిపోయింది. “ఏ రెండు సార్?”

“గేటుది, కాంటాది. పెద్దది మిగిలిందంట. దాంట్ల లోతు ఎక్కువున్నదన్నడు.”

గేటు, కాంటా అన్నవి ఆమె కాగితం మీద మొదటి రెండు సర్వర్లు. మూడోది అన్నిటికంటే పెద్దది. “సార్, ఆయనెట్ల చేస్తడు సార్? ముందుగాల కాపీ తీసిండా?”

“ఫోటోలు తీయమన్న. పనికి ముందు ఒకటి, అయినంక ఒకటి. నువ్వు మధ్యల వేలు పెట్టకు, ఆయన పని ఆయన్ని చేయనీ.”

స్రవంతి వెంటనే తెర వైపు తిరిగింది. ఒకే సర్వర్ మీద ఇద్దరు ఒకేసారి ప్యాచ్‌లు వేస్తే అది మళ్లీ లేవదు. సర్వర్ల లోపల ఎవరున్నారో చూసింది. తను తప్ప ఎవరూ లేరు. ఏ ప్యాచ్‌లు పడ్డాయో చూసింది. ఒక్కటీ పడలేదు. అంటే సీతారాములు లోపలికి వచ్చి, రెండు సర్వర్లకు పని చేసి, ఆనవాలు కూడా మిగలకుండా బయటికి వెళ్లాడన్నమాట. రోజూ పింఛను ఫారం ఎలా నింపాలో తనను అడిగే మనిషిలో ఇంత విద్య ఉందని ఆమె ఊహించలేదు. ఆరు సర్వర్లకూ పాస్‌వర్డులు మార్చింది. దానికి ముప్పావు గంట పట్టింది. తర్వాత సీతారాములును వెతుకుతూ బయటికి పరుగెత్తింది.

ఆయన గేటు బయట గొడుగు వేసుకుని తారు పొగలో నిలబడి ఉన్నాడు.

“సార్, మీరు నా మెషీన్ల మీద చెయ్యి పెట్టిండ్రా?”

“నీ మెషీన్ ఏందమ్మా? ఈ రోలర్ కాంట్రాక్టర్ది.”

స్రవంతి రోలరును చూసింది. రోడ్డును చూసింది. గేటు ముందు గుంత లేదు. కాంటా ముందు గుంత లేదు. మధ్యలో ఉన్న పెద్ద గుంతలో కంకర పోస్తున్నారు. పక్కన నీడలో అప్పలకొండమ్మ నలభై మందికి సరిపడా వంట దించింది. అన్నం తిన్న కూలీ ఒకడు చెట్టు కింద వెల్లకిలా పడుకున్నాడు. స్రవంతి అటు రెండడుగులు వేయగానే అప్పలకొండమ్మ గరిటె పట్టుకుని అడ్డం వచ్చింది.

“ఆడు నిద్దరోతన్నాడు తల్లీ. కరెంటు పెట్టొద్దు.”

జరిగినదంతా స్రవంతికి అప్పుడు అర్థమైంది. నవ్వు రావలసిన చోట కళ్లలో నీళ్లు వచ్చాయి. అప్పలకొండమ్మ ఆమె వీపు నిమిరి, ఒక పళ్లెంలో అన్నం పెట్టి ఇచ్చింది. స్రవంతి తినలేదు. టైము పదకొండుంపావు. ఇప్పుడైనా సర్వర్లు ఆపగలిగితే సాయంత్రానికి పని అవుతుంది. పళ్లెం అక్కడే పెట్టి కాంటా దగ్గరికి వెళ్లింది.

కానీ రోడ్డు పని అనుకున్నదానికంటే ముందే అయిపోయింది. ‘రాస్తా ఖులా హై’, దారి తెరిచారు అని సోమారు అన్ని గ్రూపులకూ పంపాడు. పొద్దుటి నుంచి ఆగిన నూట నలభై ట్రక్కులు కొత్త రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి కాంటా వైపు కదిలాయి.

“దుర్గేశ్ భయ్యా, రెండు గంటలు కాంటా ఆపాలె.”

దుర్గేశ్ కిటికీలోంచి వరుసను చూపించాడు. “ఇప్పుడు ఆపితే మేడం, వీళ్లు నన్ను కాంటా మీద నిలబెడతరు. ముందు ఆ కొత్త పాస్‌వర్డు ఏదో చెప్పండి, లోపలికే పోనిస్తలేదు.”

సాయంత్రం అయిదు దాకా ట్రక్కులు తెగలేదు. హెడ్డాఫీసు పెట్టిన వీడియో సమావేశంలో తొమ్మిది కేంద్రాలవాళ్లు వరుసగా ‘పూర్తయింది’ అన్నారు. పదోది స్రవంతిది. “కాలేదు సార్” అంది. కారణం అడిగితే, అబద్ధం చెప్పలేక, నిజం చెబితే ఎవరూ నమ్మరని తెలిసి, “మా దగ్గర పరిస్థితి అనుకూలంగా లేదనిపించి ఆపిన సార్” అంది. రేపు ఉదయానికి రాతపూర్వకంగా వివరణ ఇవ్వమన్నారు. ఇంటికి వెళ్లి కాగితం తీసి ‘రోడ్డు గుంతలు పూడ్చిన కారణంగా సర్వర్లకు ప్యాచ్ వేయలేకపోయాను’ అని రాసింది. చదువుకుంది. చింపేసింది. మళ్లీ రాస్తే మళ్లీ అదే వచ్చింది.

మర్నాడు తొమ్మిదికి ఆఫీసుకు వెళ్లిన స్రవంతిని వీరేందర్ గదిలోకి పిలిచాడు. ఫోన్ స్పీకరులో హెడ్డాఫీసు పెద్దాయన ఉన్నాడు. గొంతు నిద్ర లేనట్టుంది. ప్యాచ్‌లలో ఒకటి తప్పుదట. అది పడిన సర్వర్లన్నీ తెల్లవారుజామున తమంతట తామే ఆగిపోయి, ఎంత లేపినా లేవడం లేదట. తయారీదారు క్షమాపణ చెప్పి దాన్ని వెనక్కి తీసుకున్నాడట. తొమ్మిది కేంద్రాల్లో కాంటాలు ఆగిపోయాయి. నడుస్తున్నది బచేలి ఒక్కటే.

“పరిస్థితి అనుకూలంగా లేదని నిన్ననే అన్నావు. ఎలా కనిపెట్టావమ్మా?” అన్నాడాయన.

“కనిపెట్టలేదు సార్. రోడ్డు మీద తారు...” అని స్రవంతి మొదలుపెట్టేలోపే వీరేందర్ ఫోన్ దగ్గరికి జరిగాడు.

“మేమిద్దరం ఆలోచించే ఆపినం సార్” అన్నాడు.

నెలాఖరున ఆఫీసుకు హెడ్డాఫీసు నుంచి రెండు కవర్లు వచ్చాయి. ప్యాచ్ వేయనందుకు స్రవంతికి ప్రశంసాపత్రంతోపాటు పర్మనెంటు ఉత్తర్వు, మంజూరు లేకుండా ప్యాచ్ వేసినందుకు సీతారాములుకు మెమో.