శాంతయ్య పసుపు పూసిన రాయి

చిత్తూరు బస్టాండు వెనక సందులోని చర్చికి ఆ శుక్రవారం డెబ్బై అయిదేళ్లు నిండుతాయి. సాయంత్రం నాలుగింటికి బిషప్పుగారు వస్తారు. సెక్రటరీ శాంతయ్య తాను రాసిన చర్చి చరిత్ర చదవాలి. రిటైరైన పంతులు కదా, చరిత్ర నలభై పేజీలకు సాగింది. ముందుకు సాగనిదల్లా ఒక్క వాక్యమే: తొలిరోజు నుంచీ ఇక్కడ అన్ని కులాలవాళ్లూ ఒకే చాపమీద కూర్చున్నారు.

"మా తాత కాలంలో చాపలు వేరేగానే ఉండెనప్పా. తీసెయ్ ఆ మాట," అన్నాడు సంఘపెద్ద చిన్నబ్బ.

"మా అవ్వ మాలపల్లె నుంచి వచ్చి ఆ చాపమీదనే కూసునిందబ్బా. చచ్చేదాకా అదే చెప్పుకునింది. నేనెట్ల తీసేది?"

"రుజువుంటే చదువు, లేకుంటే వద్దు," అని తేల్చేశాడు పాస్టరు జ్ఞానరత్నం.

ముప్పై ఏళ్ల కిందట గోడలు పెంచినప్పుడు, తొలినాటి రాత చెక్కిన పునాదిరాయి తీసి పక్కన పడేశారు. బావి దగ్గర బట్టలుతికే బండను ఆ పొద్దున తిప్పించి చూస్తే, అదే! శాంతయ్య దాన్ని మోయించి వీధిగోడకు ఆనించి నిలబెట్టాడు. ఏళ్లతరబడి ఇంకిన సబ్బునీళ్లకు రాయి తెల్లగా పాలిపోయి అక్షరాలు ఆనడం లేదు. పిండి రుద్దితే తెలుపు మీద తెలుపు.

"పసుపు పూసి చూడరాదా?" అని వంటింటి డబ్బా అందించింది భార్య. పూశాడు. రాయి పచ్చబడింది గానీ దానికి అక్షరం ముక్క రాలేదు. భూతద్దం అడుగుదామని గడియారాల మునికృష్ణ కొట్టుకు పోయాడు. మునికృష్ణ భోజనానికి పోయి ఉన్నాడు. శాంతయ్య అక్కడే కాచుకున్నాడు.

ఈలోగా పూలమ్మే నాగరత్నమ్మ ఆ దారిన వచ్చింది. శుక్రవారం, నిలబెట్టిన రాయి, ఒళ్లంతా పసుపు! గంప దించి, కుంకుమ మెత్తి, మూర పూలు చుట్టి దణ్ణం పెట్టుకుంది. ఆమెను చూసి ఇంకొకరు దీపం పెట్టారు, నూనె పోశారు. మూడు గంటలకల్లా కాణిపాకం బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా ఇక్కడే కొబ్బరికాయలు కొట్టేసుకున్నారు.

ఎవరి నమ్మకాన్నీ నొప్పించరాదని ప్రతి ఆదివారం చెప్పే పాస్టరు బయటికొచ్చి చూశాడు. చెప్పినందుకు తప్పదు గదా! "తోసుకోకండి, వరసలో రండమ్మా," అన్నాడు.

"అయ్యా! బిషప్పు వచ్చే పొద్దయింది. గుడి వాకిట్లో ఇంకో గుడి లేసింది!" అని చిన్నబ్బ తల కొట్టుకున్నాడు.

మూడున్నరకు భూతద్దంతో వచ్చిన శాంతయ్య కెవ్వుమన్నాడు. "అమ్మా, అది సామి కాదు! మా పునాదిరాయి! అక్షరాలు కనపడాలని నేనే పసుపు పూసినా!"

నాగరత్నమ్మ నడుమున చేతులు పెట్టుకుంది. "రాయిని నిలబెట్టి పసుపు పూస్తే మొక్కుతారు గానీ సదువుతారా సామీ? పంతులు గదా, ఆ మాత్రం తెలీదా?"

"ముందు కడగండప్పా!" అంటూ చిన్నబ్బే బకెట్టెత్తి గుమ్మరించాడు. పూలు పోయాయి, పసుపు పోయింది. నూనెతో ముద్దయిన కుంకుమ మాత్రం గీతల్లో కూరుకుపోయి కదల్లేదు. ఎర్రటి అక్షరాలు వరసగా తేలాయి. చిన్నబ్బ గట్టిగా మొదలుపెట్టి మెల్లగా ముగించాడు:

"1906. ఈ మందిరములో ఎవరికిని వేరు చాప లేదు."

"మా తాత ఈ మాట చెప్పనేలేదే!" అని గొణిగాడు.

శాంతయ్య నలభై పేజీలూ చదివాడు. అవ్వ పేరు మాత్రం రెండుసార్లు చదివాడు. ఆ రోజు రాయి దగ్గర జరిగిన సంగతి కూడా చరిత్రలో చేర్చమన్నారు బిషప్పుగారు. చేర్చారు, కొబ్బరికాయలు కొట్టిన మాట మాత్రం కమిటీ ఏకగ్రీవంగా కొట్టేసింది.