లలితమ్మ చేతుల తనిఖీ

గద్వాలలో మాలతి డాక్టరమ్మ నడిపే చర్మరోగాల దవాఖానకు ఆ పొద్దు తనిఖీ. సర్కారు పథకం కింద పెట్టిన బిల్లులు నిజమో కాదో చూడటానికి ఆఫీసరు వస్తున్నాడు. తేడా కనిపిస్తే పథకం రద్దు. అప్పుడిక రంగునీళ్లలో నాని చేతులు పుండ్లయ్యే నేతగాళ్లు వైద్యానికి పట్నం బస్సెక్కాల్సిందే.

కాంపౌండరు సుదర్శన్‌కు పొద్దున్నే ఒక ఉపాయం తట్టింది. నయమైనవాళ్లనే తెచ్చి నిలబెడితే సరిపోదా? నేత నేసే లలితమ్మకు ఫోను చేశాడు.

"అక్కా, సర్కారు సారొస్తుండు. మీ చేతులు చూస్తడంట. మీ వాడకట్టోళ్లను గూడ తోల్కరా."

ఎందుకు చూస్తాడో చెప్పకుండానే పెట్టేశాడు. సర్కారు సారు రోగం చూడటానికి వచ్చాడంటే పింఛను కోసమేనని ఆ వాడలో అందరికీ తెలుసు. రోగం తగ్గినవాళ్లకు పింఛను రాదనీ తెలుసు.

ఆఫీసరు శ్రవణ్ కుమార్ వచ్చేసరికి వరండా నిండా ఎర్రటి చేతులే. సుదర్శన్ దగ్గరుండి మందు రాసి నయం చేసిన చేతులవి.

"వీళ్లకు తగ్గిందనే కదా బిల్లు పెట్టారు?" అన్నాడు ఆఫీసరు, జేబుల్లోంచి చేతులు తీయకుండా.

"తగ్గింది సార్..."

"ఏడ తగ్గింది సుదర్శనూ? ఒకటే మంట, దురద!" అని లలితమ్మ మూలిగింది. ఆమె మొగుడు ఎల్లన్న అంతకంటే గట్టిగా మూలిగాడు. అతనికి అసలు ఆ రోగమే రాలేదు, తోడుగా వచ్చాడంతే.

డాక్టరమ్మ తల పట్టుకుంది. ఆఫీసరు రాయడానికి పెన్ను తీశాడు. ఇదే అదనని లలితమ్మ అతని రెండు చేతులూ పట్టుకుంది.

"జర పెద్దమనసు చేసి రాయి సారూ!"

విడిపించుకుని చూసుకుంటే ఆఫీసరు అరచేతులు ఎర్రబడి ఉన్నాయి. "అంటురోగం!" అని కేక పెట్టాడు. ఆ మాట విని ఎల్లన్న గేటు దాకా ఉరికాడు. సుదర్శన్ ఆఫీసరును వాష్‌బేసిను దగ్గరికి లాక్కెళ్లి సబ్బుతో రుద్దాడు. ఎరుపంతా నీళ్లలో దిగిపోయింది. కొబ్బరినూనెలో కలిపిన కుంకుమ!

ఆఫీసరు మెల్లగా వెనక్కి తిరిగాడు. "నువ్వూ కడుక్కో అమ్మా."

"కడిగితే పింఛను పోదా?" అని సుదర్శన్ చెవిలో అడిగింది లలితమ్మ.

"పింఛను ఏడిదక్కా! తగ్గిందని రాస్తేనే మన దవాఖాన ఉంటది."

"గీ ముక్క పొద్దుగాల చెప్పనీకి నీకు నోరు రాలేదా?"

ఆమె కడుక్కుంది. కింద నున్నటి, మచ్చలేని చర్మం. ఆమె వెనకే అందరూ వరుస కట్టారు. ఆఫీసరు బిల్లులతో పంపిన పాత పుండ్ల ఫొటోలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కరి చేయి ఈసారి తానే పట్టుకుని చూశాడు. నవ్వు ఆపుకుంటూ, బిల్లులన్నీ నిజమేనని సంతకం చేశాడు.

ఆ రోజు ఆ దవాఖానలో మచ్చ పోకుండా మిగిలింది వాష్‌బేసిను ఒక్కటే.