జూబిలీ రోజున చదివిన ఉత్తరం

చాలా పెద్ద అడవి అది. అంత పెద్ద అడవిలో ఒక విశ్వవిద్యాలయం లేకపోతే పక్క అడవుల ముందు పరువు పోతుందని వందేళ్ల కిందట ఎవరికో తోచింది. అప్పటి మేత్రాణులు, అంటే బిషప్ గారు, పూనుకుని చిత్తడి నేల పక్కన ఒక గుడి కట్టించి, గుడి పక్కనే బడి పెట్టించారు. ఆ బడి పెరిగి పెరిగి పునీత అంతోనివారి విశ్వవిద్యాలయం అయింది. పోయిన వస్తువుల్ని వెతికిపెట్టే పునీతుడు ఆయన. ఆయన పేరు పెట్టుకున్న చోట ఏది పోయినా ఎవరూ వెతికేవారు కాదు, అది వేరే సంగతి.

ఆ విశ్వవిద్యాలయం లైబ్రరీలో, మెట్ల వెనక సందులోంచి వెళితే ఒక పొడవాటి గది. పాత పత్రాలూ, అరుదైన పుస్తకాలూ అందులోనే ఉండేవి. ఆ విభాగానికి అధిపతి లూర్దమ్మ అనే ముళ్లపంది. అధిపతి అన్నది తలుపు మీద రాసిన మాట. లోపల మాత్రం ఊడ్చేదీ, తుడిచేదీ, లాటిన్ చదివేదీ, చెదపురుగుల్ని బతిమాలి బయటకు పంపేదీ అంతా ఆవిడే.

లూర్దమ్మకు ఒక ఇబ్బంది ఉండేది. కోపమొస్తే ముళ్లు లేస్తాయి. ముళ్లు లేస్తే పాత కాగితాలకు చిల్లులు పడతాయి. అందుకని ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో ఉన్నంతసేపూ ఆవిడ కోప్పడటం మానేసింది. తప్పనిసరిగా కోపం తెచ్చుకోవలసి వస్తే బయట చింతచెట్టు దాకా వెళ్లి, అక్కడ కాసేపు కోప్పడి, మళ్లీ లోపలికి వచ్చేది.

ఆ గదిని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు పెద్దవాళ్లు కారు. ఉడుతలు, కుందేళ్లు, చిత్తడి నేల కప్పలు. తమ అమ్మమ్మకు జ్ఞానస్నానం ఎప్పుడు ఇచ్చారో, తమ నాన్న ఏ సంవత్సరంలో ఇక్కడ చదివాడో రాసి ఇమ్మని వచ్చేవారు. ఈ అడవిలో తాము పుట్టామనడానికి వాళ్లకు ఆ రిజిస్టర్లు తప్ప వేరే సాక్ష్యం లేదు. ఆ రిజిస్టర్ల మీద పెంకుల సందుల్లోంచి వాన కురిసేది. కప్పు బాగుచేయించమని లూర్దమ్మ ఏడాదికి రెండు అర్జీలు పెట్టేది. ఏడాదికి రెండుసార్లు "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చేది.

ఇలా ఉండగా విశ్వవిద్యాలయానికి నూరేళ్ల జూబిలీ వచ్చింది.

విశ్వవిద్యాలయం పెద్ద, అంటే రెక్టర్, ఫాదర్ ఇన్నాసప్ప గారు ఏనుగు. మంచివారే. కానీ అంత ఎత్తున ఉండటంవల్ల కింద మాట్లాడేవాళ్ల మాటలు సగమే వినిపించేవి. మిగతా సగం ఆయన పక్కన వాలి ఉండే గోరింక జెసింత చెప్పేది. జెసింత ప్రచార విభాగం డైరెక్టరు. ఎవరు ఏం చెప్పినా దాన్ని ఇంకా బాగున్నట్టు మార్చి చెప్పడం ఆవిడ ఉద్యోగం.

జూబిలీకి నెల రోజుల ముందు జెసింత ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని లూర్దమ్మ గదికి వచ్చింది. ఆయన బాలశౌరి దొర, తేనె వ్యాపారం చేసే ఎలుగుబంటి. గుమ్మంలో కాళ్లు తుడుచుకుని, తల వంచుకుని, ఏ పెట్టెకూ తగలకుండా జాగ్రత్తగా లోపలికి వచ్చాడు. ఆ ఒక్కదానికే లూర్దమ్మకు ఆయన మీద మంచి అభిప్రాయం కలిగింది.

"ఇదేంటమ్మా, పుస్తకాల మీద బకెట్లు పెట్టారు?" అన్నాడు.

"కురుస్తుందండీ."

"అయ్యో! నేను బిల్డింగ్ కట్టిస్తాను. మూడు అంతస్తులు. చుక్క నీరు దిగదు. మీ కాగితాలన్నీ అందులో రాణుల్లాగా ఉంటాయి."

లూర్దమ్మ తడిసి ఉబ్బిన కుందేళ్ల రిజిస్టరు వైపు చూసుకుంది. "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి" అంది.

"ఒక్కటే కోరిక" అన్నాడు బాలశౌరి. "ఈ విశ్వవిద్యాలయానికి స్థలం ఇచ్చింది మా తాత జోజప్ప గారని మా ఇంట్లో చెప్పుకుంటారు. దానికి సంబంధించిన కాగితం మీ దగ్గర ఉండే ఉంటుంది. అది జూబిలీలో పెట్టండి. నాకంతే చాలు."

లూర్దమ్మ మూడు అంతస్తులు కళ్లముందే కట్టుకుని, కళ్లముందే కూల్చుకుంది.

"స్థలం కప్పలదండీ" అంది చివరికి. "చిత్తడంతా వాళ్లదే. మేత్రాణులు అడిగితే ఇచ్చారు. దస్తావేజు ఉంది. కింద తడి వేలిముద్రలు కూడా ఉన్నాయి, చూపించమంటారా?"

బాలశౌరి ముఖం చిన్నబోయింది. జెసింత మాత్రం రెక్కలు టపటపా కొట్టింది. "లూర్దమ్మగారూ, కప్పల పేరు మీద బిల్డింగ్ ఎవరు కడతారండీ? ఇంకా వెతకండి. ఆర్కైవ్స్ అంటే వెతికితే దొరకాలి గదా!"

"ఉన్నదే దొరుకుతుందమ్మా."

"మీకు పాజిటివ్ దృష్టి లేదండీ" అని జెసింత బాలశౌరిని తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పెద్ద వాన. లూర్దమ్మ బకెట్లు మోసుకుంటూ గది ఆ చివర ఉంది. ఆ సమయంలో జెసింత రెక్టర్ గారి సంతకం చేయించుకున్న చీటీ పట్టుకుని వచ్చింది. "కావలసిన పత్రము ఇచ్చి పంపవలెను" అని ఉంది అందులో. ఏ పత్రమో లేదు.

"ఒక్క నిమిషం ఆగండమ్మా, చేతులు తుడుచుకుని వస్తాను" అంది లూర్దమ్మ.

"మీరు కానివ్వండి, నేనే చూసుకుంటాను" అని జెసింత మేత్రాణుల ఉత్తరాల పెట్టె మూత తీసింది. పైనుంచి రెండో కాగితం ఎంత అందంగా ఉందో! మందమైన కాగితం, ఎర్ర లక్క ముద్ర, నల్లని వంపుల అక్షరాలు. లాటిన్ జెసింతకు రాదు. నిజానికి ఆ క్యాథలిక్ విశ్వవిద్యాలయంలో లూర్దమ్మకు తప్ప ఎవరికీ రాదు. కానీ పేరు ఏ భాషలోనైనా పేరే. "జోజప్ప" అన్న మాట ఆ కాగితంలో నాలుగు చోట్ల కనిపించింది. జెసింత ఎగిరి గంతేసి, అక్కడి పద్దు పుస్తకంలో కాగితం నంబరు వేసి సంతకం పెట్టి, కాగితం ముక్కున కరుచుకుని మాయమైంది.

లూర్దమ్మ చేతులు తుడుచుకుని వచ్చి నంబరు చూసింది. చూసి, గబగబా చింతచెట్టు దగ్గరకు వెళ్లింది. ఆ రోజు చాలాసేపు అక్కడే ఉంది.

తిరిగి వచ్చాక అర్జీ రాసింది. "తమ ప్రచార విభాగం వారు తీసుకువెళ్లిన ఉత్తరము స్థలదానమునకు సంబంధించినది కాదు. జోజప్పగారి గౌరవమునకు భంగకరమైనది. దయచేసి ప్రదర్శనలో ఉంచవద్దు. వివరములు స్వయముగా మనవి చేసుకొందును." రెక్టర్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర కూడా వేయించుకుంది.

వారం తర్వాత ఆ అర్జీ ఆవిడ దగ్గరకే తిరిగి వచ్చింది. పైన ఎర్ర సిరాతో ఇలా ఉంది: "చూడడమైనది. భద్రపరచు నిమిత్తము పాత పత్రాల విభాగమునకు."

తను పంపిన హెచ్చరికను తనే భద్రపరచవలసి వచ్చింది లూర్దమ్మకు. భద్రపరిచింది. నంబరు కూడా వేసింది.

అయినా మనసు ఊరుకోక స్వయంగా బయల్దేరింది. గుడి వరండాలో రెక్టర్ గారు ఎదురుపడ్డారు.

"స్తోత్రం ఫాదర్! ఆ ఉత్తరం గురించి... అది కొవ్వొత్తుల సంగతి, ఫాదర్!"

అంత ఎత్తున ఉన్న చెవులకు కొవ్వొత్తుల మాట ఒక్కటే అందింది. "కొవ్వొత్తులా? అవన్నీ అలంకరణ కమిటీ చూసుకుంటుందమ్మా. మీరు దిగులు పెట్టుకోకండి" అని ఆశీర్వదించి సాగిపోయారు. జెసింత ఆయన వీపు మీంచి వెనక్కి తిరిగి చూసి, "జూబిలీ అయ్యాక మాట్లాడుకుందాం లూర్దమ్మగారూ" అంది తీయగా.

జూబిలీ రోజు వచ్చింది. అడవి అడవంతా గుడి ఆవరణలో చేరింది. బలిపూజ అయ్యాక తెర తీశారు. పాలరాతి ఫలకం. పైన జోజప్ప గారి బొమ్మ, చేతిలో భూమి పటం. కింద మేత్రాణుల ఉత్తరం, ఒక్క అక్షరం పోకుండా బంగారు రంగులో చెక్కించారు. పక్కన అద్దాల పెట్టెలో అసలు కాగితం. ఫలకం ముందు కొత్త పట్టుపంచెతో బాలశౌరి దొర. ఆయన కళ్లలో నీళ్లు.

ఆ నీళ్లు చూసి లూర్దమ్మ మూడో వరుసలోంచి లేచి ముందుకు వెళ్లబోయింది. కానీ వలంటీర్లుగా నిలబడ్డ అడవిదున్నలు, "పాస్ లేదు గదమ్మా" అని ఆపేశారు.

ముఖ్య అతిథి సముద్రం అవతలి అడవి నుంచి వచ్చిన కార్డినల్ గారు. ముసలి గూడబాతు. ఆయన సంచిముక్కులోంచి వచ్చే గొంతు మైకు లేకుండానే మైలు దూరం వినిపిస్తుంది. ఆయన ఫలకం ముందుకు వెళ్లి కళ్లద్దాలు పెట్టుకున్నారు. "ఆహా, లాటిన్!" అన్నారు సంబరంగా. ఎక్కడికి వెళ్లినా లాటిన్ చదివేవాళ్లే కరువైపోయారని ఆయనకు బెంగ.

జెసింత మైకు అందుకుంది. "కార్డినల్ గారు దయచేసి దాన్ని మన భాషలో అందరికీ వినిపించాలని కోరుతున్నాం!"

చప్పట్లు మోగాయి. కార్డినల్ గారు మొదలుపెట్టారు.

"'ప్రియమైన విశ్వాసులారా. జోజప్ప అనే ఎలుగుబంటి విషయమై మేము బహు దుఃఖముతో రాయునది...'" ఆయన ఒక్క క్షణం ఆగారు. కానీ చదువుతున్నది మధ్యలో ఆపే అలవాటు ఆయనకు జన్మలో లేదు. "'పాస్కా పండుగ వారములో సదరు జోజప్ప బలిపీఠము మీద వెలుగుచున్న కొవ్వొత్తులను ఊది, ఆర్పి, తినెను. ఒకటి కాదు, నలభై. అడుగగా, మైనము తేనెపట్టు నుండి వచ్చును గనుక తనకు హక్కు కలదని జోజప్ప జవాబిచ్చెను. కావున ఆ నలభై కొవ్వొత్తులు తిరిగి చెల్లించువరకు జోజప్ప గానీ, జోజప్ప సంతతి గానీ ఈ ఆవరణలో అడుగుపెట్టరాదని శాసించుచున్నాము.'"

జోజప్ప సంతతి ఆవరణ మధ్యలో పట్టుపంచెతో నిలబడి ఉంది.

మొదట ఒక కప్ప నవ్వింది. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. బాలశౌరి తల వంచుకుని, ఎవరికీ తగలకుండా జాగ్రత్తగా నడుచుకుంటూ గేటు దాటి వెళ్లిపోయాడు. ఆయనతోపాటు మూడు అంతస్తులూ వెళ్లిపోయాయి.

మూడో రోజు విచారణ సంఘం వేశారు. అధ్యక్షురాలు జెసింత. విశ్వవిద్యాలయం పరువు తీసిన ఉత్తరాన్ని వందేళ్లపాటు దాచి ఉంచినందుకు పాత పత్రాల విభాగం మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమన్నారు.

"దాచడమే నా ఉద్యోగం గదండీ" అంది లూర్దమ్మ.

"ముందుగా ఎందుకు హెచ్చరించలేదు?" అని గద్దించింది జెసింత.

లూర్దమ్మ తన అర్జీ తీసి బల్ల మీద పెట్టింది. అందినట్టు ముద్ర, ఎర్ర సిరా, తారీఖు. రెక్టర్ గారు తొండంతో దాన్ని అందుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివారు. మొట్టమొదటిసారి ఆయన కింద కూర్చుని, లూర్దమ్మ ఎత్తుకు చెవి దించారు.

"ఇలా మా ఆఫీసు నుంచి వచ్చినవి... ఇంకేమైనా ఉన్నాయా అమ్మా?"

"అన్నీ ఉన్నాయి ఫాదర్" అంది లూర్దమ్మ, ఏ కపటమూ లేకుండా. "ఎవరు ఎవరికి సీటు ఇమ్మని రాసిందీ, ఏ అర్జీ మీద ఎవరు ఏమన్నదీ. 'భద్రపరచుడి' అని మీరు పంపినవి ఒక్కటీ పోనివ్వలేదు. సంవత్సరాల వారీగా ఉన్నాయి."

విచారణ అక్కడితో ముగిసింది. సంఘం ఏం తేల్చిందో ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు.

ఆ మర్నాడు గేటు బయట బాలశౌరి దొర నిలబడి ఉన్నాడని కబురొచ్చింది. లూర్దమ్మ వెళ్లింది. ఆయన చేతిలో బుట్ట, బుట్టలో కొవ్వొత్తులు. ఇంట్లో కాచి పోసినవి, కొంచెం వంకరగా ఉన్నాయి.

"నలభై ఉన్నాయి, లెక్కపెట్టుకోండి" అన్నాడు. "ఇప్పుడు లోపలికి రావచ్చా?"

"రండి దొరగారూ" అంది లూర్దమ్మ.

"కాగితం మీద రాసి ఇవ్వండమ్మా, ముట్టినట్టు. రేపు నా మనవళ్లను ఎవరైనా అడిగితే చూపించుకోవాలి." బుట్ట కింద పెట్టి మెల్లగా అన్నాడు. "బిల్డింగ్ మాత్రం నా వల్ల కాదు. మనసు ఒప్పుకోవడం లేదు."

లూర్దమ్మ రెండు ప్రతులు రాసింది. ఒకటి ఆయనకిచ్చి, ఒకటి పెట్టెలో పెట్టింది.

ఇక బిల్డింగ్ సంగతి మరిచిపోయి బకెట్లు తోముకుంటూ ఉండగా, ఆ సోమవారం పొద్దున్నే కప్పు మీద చప్పుడైంది. కోతులు గుంపుగా ఎక్కి పాత పెంకులు దింపి కొత్తవి వేస్తున్నాయి. ఇరవై రెండేళ్ల పరిశీలన మూడు రోజుల్లో పూర్తయింది. మంగళవారం ఇనప బీరువాలు వచ్చాయి. బుధవారం చెదల మందు. గురువారం నుంచి విభాగాధిపతులు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఒకరు పళ్లు తెచ్చారు, ఒకరు బీరువా మీద వేయడానికి పట్టు గుడ్డ తెచ్చారు. అందరూ అటూ ఇటూ చూసి ఒకే ప్రశ్న అడిగారు.

"లూర్దమ్మగారూ, నా పేరుతో ఏమన్నా కాగితం ఉందా?"

"ఉందండి" అనేది లూర్దమ్మ అందరితోనూ, వాళ్ల మనసు కుదుటపరచడానికి. "చాలా భద్రంగా ఉంది."

నీతి: పాత కాగితాలు పదిలంగా ఉండాలంటే వాటిని ఎవరూ ప్రేమించనక్కర్లేదు, అందరూ భయపడితే చాలు.